గువ్వల చేనులోకి కొత్త తుపాకీ

ప్రశ్న: మాది వరంగల్ దగ్గర పల్లెటూరు. కొన్నేళ్ళుగా డాలస్ శివారులోని ఫ్రిస్కోలో హెచ్-1బి వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నా సహోద్యోగి ఒకాయన మిత్రులతో కలిసి టెక్సస్‌లోని కోల్‌మన్ కౌంటీలో ఒక పొలాన్ని వేట కోసం కౌలుకు తీసుకున్నాడు. సెప్టెంబరు 1న గువ్వల వేటకు రమ్మని పిలిచాడు, అది కుదిరితే నవంబరులో జింకల వేటకూ తీసుకువెళతానన్నాడు. నేను ఇంతవరకు తుపాకీ ముట్టలేదు. ఆ బృందంలోని ఒక పెద్దాయన భోజనాల దగ్గర నా ముందే, 'ఈ మధ్య కొత్తవాళ్ళు ఎక్కువయ్యారు, మర్యాద తెలియదు' అన్నాడు. వెళ్ళమంటారా, మానమంటారా? వెళితే ఎలా మెలగాలి? నా స్నేహితుడొకడు తానూ వస్తానంటున్నాడు, వెంటబెట్టుకు వెళ్ళవచ్చా? తీరా అక్కడికి వెళ్ళాక కాల్చబుద్ధి కాకపోతే పిలిచినవారిని చిన్నబుచ్చినట్టవుతుందా?

సమాధానం: వెళ్ళండి. అయితే మర్యాదల సంగతికి ముందు మీరు అడగని ఒక విషయం చెప్పాలి, ఎందుకంటే మీ పరిస్థితిలో అన్నిటికంటే అదే పెద్దది. అమెరికా ఫెడరల్ తుపాకీ చట్టం ప్రకారం హెచ్-1బి వంటి వలసేతర వీసా మీద ఉన్నవారు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం నేరం. దానికి ఉన్న కొద్ది మినహాయింపులలో ఒకటి, అమెరికాలోని ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం. కాబట్టి ఆ లైసెన్సు మీకు వేటకు అనుమతిపత్రం మాత్రమే కాదు, తుపాకీ పట్టుకోవడానికి ఉన్న ఆధారం కూడా అదే. లైసెన్సు కొనకముందు మీ సహోద్యోగి సరదాగా తన తుపాకీ చేతికిచ్చి 'ఒకసారి పట్టుకుని చూడు' అన్నా సున్నితంగా వద్దనండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ చిక్కు లేదు, మీకు ఉంది. మీ కాగితాలన్నీ చూపించి, ఒక ఇమిగ్రేషన్ న్యాయవాది చేత సరేననిపించుకున్న తరువాతే మిగతా ఏర్పాట్లు మొదలుపెట్టండి. ఉద్యోగం మారుతున్నా, వీసా పొడిగింపు పెండింగులో ఉన్నా ఆ మాట దాచకుండా చెప్పండి.

టెక్సస్‌లో కొత్త ఏడాది వేట లైసెన్సులు ఆగస్టు 15న అమ్మకానికి వస్తాయి, ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు చెల్లుతాయి. ఆరు నెలలకు మించి అక్కడే నివసిస్తున్నవారు స్థానికుల ధరకే కొనుక్కోవచ్చు. గువ్వలు వలస పక్షుల కింద లెక్క గనుక దానిమీద ఇంకొక ఎండార్స్‌మెంటు, అంటే అదనపు అనుమతి, తీసుకోవాలి, కొనేటప్పుడు కిందటేడు ఏమేమి పక్షులు కొట్టారని అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తరువాత గానీ పుట్టిన ప్రతి ఒక్కరూ వేట శిక్షణ కోర్సు పూర్తిచేయాలన్నది అక్కడి నియమం. దాన్ని ఒక ఏడాది వాయిదా వేసుకుని, అనుభవజ్ఞుడి వెంట ఉండి వేటాడే వీలు కూడా ఉంది. చాలామంది కొత్తవారు ఆ దారినే పోతారు. మీరు పోవద్దు. పదిహేడేళ్ళు నిండినవారు ఆ కోర్సును ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లోనే ముగించవచ్చు. దానితో పాటు ఆగస్టులో ఒకటి రెండు వారాంతాలు, ఆ ఆగస్టు 31 వరకు చెల్లే పాత ఏడాది లైసెన్సు చేతిలో ఉంటేనే, శిక్షకుడు ఉండి మట్టిపళ్ళేలను గాలిలోకి ఎగరేసే రేంజికి వెళ్ళి ఎగిరే వస్తువు మీద షాట్‌గన్, అంటే ఒక్కసారికి ఎన్నో చిన్న గుళ్ళు చిమ్మే తుపాకీ, కాల్చడం నేర్చుకోండి. పొలంలో అందరి మధ్యా నిలబడి, తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ మీట ఎక్కడుందని అడిగే మనిషిని చూస్తే పాతవారి గుండెలు ఎందుకు జారతాయో మీకే తెలుస్తుంది.

ఇక ఆ పెద్దాయన విసుగు. టెక్సస్‌లో నేల 95 శాతానికి పైగా ప్రైవేటు వ్యక్తులది. వేటాడాలంటే సొంత పొలమైనా ఉండాలి, కౌలైనా కట్టాలి, లేదా ఉన్న కొద్దిపాటి ప్రజా భూములలో పదిమందితో సర్దుకోవాలి. ఆయన బృందం బహుశా ఏళ్ళ తరబడి ఆ రైతుకు డబ్బు కట్టి, కంచెలు బాగుచేసి, అతని పశువుల జోలికి పోకుండా నమ్మకం సంపాదించుకుని ఉంటుంది. కొత్తవాడొకడు గేటు తెరిచి వదిలేస్తే ఆవులు రోడ్డెక్కుతాయి, మరుసటి ఏడాది కౌలు వేరొకరికి పోతుంది. ఆయన భయం అది. అలాగని ఆయన మాట పూర్తిగా న్యాయమని నేననను. ఫెడరల్ ప్రభుత్వపు సర్వే ప్రకారం అమెరికాలో వేటగాళ్ళు 2011లో 1.37 కోట్ల మంది ఉంటే 2016కు 1.15 కోట్లకు తగ్గారు. లైసెన్సుల రుసుము మీదా, 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం కింద తుపాకులూ తూటాల మీద వసూలయ్యే పన్ను మీదా అక్కడి వన్యప్రాణి శాఖలు చాలావరకు నడుస్తాయి. వేటగాళ్ళు తగ్గితే ఆ శాఖలకు రాబడి తగ్గుతుంది. అందుకే రాష్ట్రాలే కొత్తవారిని రమ్మని పిలుస్తున్నాయి. ఒకప్పుడు తాతలు మనవళ్ళను ఆరేళ్ళ వయసులోనే పొలానికి తీసుకువెళ్ళి, ఏళ్ళ తరబడి తుపాకీ ఇవ్వకుండా పక్కన కూర్చోబెట్టి మర్యాద నేర్పేవారు. ముప్ఫై దాటాక వచ్చినవాడికి ఆ తాత లేడు. తెలియదని విసుక్కునేవారిలో ఎందరు నేర్పడానికి ముందుకు వస్తారన్నది వారే ఆలోచించుకోవాలి. మనవారి సంగతైతే మరీను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పుట్టిన తెలుగువాడికి వేట అంటే కోర్టు కేసు తప్ప, పెద్దలను చూసి నేర్చుకునే పద్ధతిగా మిగలలేదు. కనుక మీకు తెలియకపోవడంలో తప్పు లేదు. తెలియదన్న సంగతిని వెళ్ళకముందే పిలిచినాయనకు చెప్పి, 'నన్ను మీ పక్కనే నిలబెట్టుకోండి' అని అడగండి. ఆ ఒక్క మాటతో సగం అనుమానం తీరిపోతుంది.

వెళ్ళడం ఆయన వాహనంలోనే వెళ్ళండి. గేటు దగ్గర దిగి తీసేది సాధారణంగా పక్క సీట్లో కూర్చున్నవాడే కాబట్టి ఆ పని మీదే అవుతుంది. మూసి ఉన్న గేటును దాటగానే మూయండి, తెరిచి ఉన్నదాన్ని తెరిచే ఉంచండి, మీకు ఏది మంచిదనిపించినా సరే. టెక్సస్‌లో చెట్ల మీదా కంచె గుంజల మీదా నిలువుగా ఊదారంగు గీత కనిపిస్తే అది అలంకారం కాదు, అవతల అడుగు పెట్టవద్దన్న చట్టబద్ధమైన హెచ్చరిక. మీరు కొట్టిన పక్షి ఆ గీతకు పది అడుగుల అవతల పడినా అవతలి యజమాని అనుమతి లేకుండా దాటడానికి వీల్లేదు. అందుకే అనుభవమున్నవారు కంచె వైపు ఎగిరే పక్షిని అసలు కాల్చరు.

గువ్వల వేట పైకి తీరికైన పనిలా కనిపిస్తుంది. పొద్దుతిరుగుడు కోసిన చేను అంచునో, పశువుల కుంట పక్కనో, పదిమంది దూరదూరంగా బకెట్ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. ప్రమాదమంతా ఆ తీరికలోనే ఉంది. ఒక గువ్వ వరుస మధ్యకు దిగి మనిషి ఎత్తున దూసుకుపోతుంది, కొత్తవాడు దాని వెంటే తుపాకీ తిప్పుతాడు, తిప్పుతూ తిప్పుతూ గొట్టం పక్కవాడి ముఖం మీదికి వస్తుంది. షాట్‌గన్ పక్షిని కూల్చేది 30, 40 గజాల లోపలే అయినా దాని గుళ్ళు 200 గజాల దాకా ఎగిరి పడతాయి. కాబట్టి మీకు చూపించిన చోటనే ఉండండి, లేచి ఎటైనా కదలాలంటే ఇరుపక్కలవారికీ కేకవేసి చెప్పండి, మీ ముందు ఎంత మేర కాల్చవచ్చో రెండు ఆనవాళ్ళు పెట్టుకుని అవి దాటనివ్వకండి. పక్షి వెనక ఆకాశం కనిపిస్తేనే కాల్చాలి. చెట్టు గానీ పొద గానీ కనిపిస్తే వదిలేయాలి. ఎవరైనా 'లో బర్డ్', అంటే పక్షి కిందుగా వస్తోంది, అని అరిస్తే అందరూ తుపాకులు దించాలి, ఆ కేక వేయడానికి మీరూ మొహమాటపడనక్కరలేదు. మీ దగ్గరికి ఎవరైనా వస్తుంటే తూటాలు తీసి, తుపాకీ తెరిచి, ఖాళీగా ఉందని కనిపించేటట్టు పట్టుకోండి. కంచె దాటేటప్పుడూ, వాహనం ఎక్కేటప్పుడూ అంతే. నిన్నటి నుంచి ఖాళీగానే ఉందని మీకు తెలుసు, ఎదుటివాడికి తెలియదు.

పక్షి ఎవరిదన్న తగవు ప్రతి పొలంలోనూ ఉంటుంది. మీ పక్కవాడి వైపు వస్తున్నది ఆయనది, అది మీకు ఎంత బాగా అందుబాటులో కనిపించినా. ఇద్దరూ ఒకేసారి కాలిస్తే, 'మీ దెబ్బకే పడింది' అని ఆయనకే ఇచ్చేయండి, మొదటి ఏడాది మీకు ఇంతకంటే లాభసాటి బేరం దొరకదు. పడిన పక్షిని వెంటనే వెతికి తెచ్చుకోవాలి. గువ్వ మట్టిరంగులో ఉంటుంది, ఎండుగడ్డిలో పడితే చూపు పక్కకు తిప్పినంతలో కనబడకుండా పోతుంది. కాబట్టి పడిన చోటు మీద కన్ను తీయకుండా నేరుగా నడిచి వెళ్ళండి, అది దొరికేదాకా ఇంకొకదాన్ని కాల్చవద్దు. ప్రాణంతో ఉంటే ఆలస్యం చేయకుండా దాని బాధ తీర్చాలి. ఎలాగో ముందురోజే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే అక్కడ చేతులు వణకడం సహజం. ఎవరిదైనా కుక్క పక్షులను తెచ్చి ఇస్తూ ఉంటే దాన్ని పేరు పెట్టి పిలవడం, బిస్కెట్లు వేయడం, ముద్దుచేయడం వద్దు. అది పనిలో ఉంటుంది, ఒక యజమాని మాటే వినాలి. కాల్చిన తూటా గుల్లలన్నీ ఏరి సంచిలో వేసుకోండి, పక్కవాడివి కనిపించినా సరే.

లెక్క విషయంలో ఎవరి కుప్ప వారిదే. టెక్సస్‌లో రోజుకు ఒక మనిషికి 15 గువ్వలు. పెంపుడు పావురమంత ఉండి మెడ వెనక నల్లని పట్టీ కనిపించే యురేషియన్ కాలర్డ్ గువ్వలు బయటినుంచి వచ్చిన జాతి గనుక వాటికి పరిమితి లేదు, కానీ గుర్తుపట్టడం వచ్చేదాకా వాటినీ ఈ లెక్కలోనే వేసుకోండి. మీకు పది దాటకపోతే మిగతా అయిదు నేను కొట్టిపెడతానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది చట్టవిరుద్ధం, పాత బృందాలలో కూడా కొందరు దాన్ని స్నేహం కింద జమకడతారు. తుపాకీలో మూడు తూటాలకు మించి పట్టకుండా అడ్డు ఉండాలి, అరువు తెచ్చుకున్న తుపాకీ అయితే ఆ అడ్డు ఉందో లేదో మీరే చూసుకోండి. గువ్వలను రప్పించడానికి గింజలు చల్లిన చోట వేటాడడం ఫెడరల్ నేరం. అదే జింకలకైతే టెక్సస్ ప్రైవేటు భూముల్లో మొక్కజొన్న వేయడం మామూలే. ఈ తేడా తెలియక చిక్కులో పడ్డవారిని వేట చట్టాలు అమలుచేసే అధికారి, గేమ్ వార్డెన్, వదిలిపెట్టడు, గింజలున్నాయని మీరు తెలుసుకోగలిగిన స్థితిలో ఉంటే చాలు. కాబట్టి నేల మీద గింజలు అనుమానంగా కనిపిస్తే పిలిచినాయనను నెమ్మదిగా అడగండి, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. వార్డెనే వస్తే తుపాకీ ఖాళీచేసి పక్కన పెట్టి, లైసెన్సూ గుర్తింపు కార్డూ మీ వీసా కాగితాల నకలూ చూపించండి. వేళ విషయంలో గువ్వలకు సూర్యాస్తమయంతో ఆఖరు, జింకలకు మాత్రం ఆ తరువాత మరో అరగంట ఉంటుంది.

మంచు వేసిన కూలర్ పెట్టెలో బీరు ఉంటుంది. తుపాకులన్నీ వాహనంలోకి చేరేదాకా మీరు ముట్టవద్దు, మిగతావారు ముట్టినా సరే. ఎవరైనా తాగి తుపాకీ పట్టుకుంటే అక్కడ ఉండనక్కరలేదు, ఎండ దెబ్బ తగిలిందని చెప్పి నీడకు వెళ్ళిపోవచ్చు. సెప్టెంబరు ఆరంభంలో అక్కడి ఎండకు ఆ మాట ఎవరికైనా నమ్మేలాగే ఉంటుంది.

ఫోటోల సంగతిలో మనవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. తీసేముందు అడగండి, పంపేముందు మళ్ళీ అడగండి. గేటు తాళం సంఖ్య, పొలం పేరు, కుంట ఎక్కడుందో తెలిపే గుర్తులు ఏవీ కుటుంబ వాట్సాప్ గ్రూపులోకి వెళ్ళకూడదు. మంచి చోటు ఎక్కడుందన్నది అక్కడ బావమరిదికి కూడా చెప్పని రహస్యం. నెత్తురు కారుతున్న పక్షుల వరుసను వరంగల్‌లో పొద్దున్నే ఫోను చూసుకునే అత్తగారికి పంపవలసిన అవసరం ఎలాగూ లేదు.

వేట ముగిశాక మొదలయ్యే పనిలో మీరు ముందుండాలి. పక్షుల ఈకలు పీకి శుభ్రం చేయడం అందరికీ విసుగు తెప్పించే పని, అక్కడ కూర్చుని చేతులు తడుపుకున్న కొత్తవాణ్ణి ఎవరూ మరచిపోరు. ఖర్చులో మీ వాటా ఎంతని అడగండి, వద్దంటే పెట్రోలు పోయించండి, మంచినీళ్ళూ భోజనమూ మీరు తీసుకువెళ్ళండి. మాంసం పంచుకుని ఇంటికి తెచ్చుకున్నాక దాన్ని వృథా చేయకండి, తినదగిన మాంసాన్ని పారేయడం మర్యాదకే కాదు చట్టానికీ విరుద్ధం. గువ్వ రొమ్ము ముక్కలు అల్లం వెల్లుల్లి, మిరియాలతో ఇగురుపెడితే మనకు కొత్తగా అనిపించవు, ఆ గిన్నె కొంత పెద్దాయన ఇంటికీ చేరనివ్వండి.

నవంబరు నాటికి మళ్ళీ పిలుపు వస్తే పద్ధతి కొంత మారుతుంది. జింకల వేటలో తెల్లవారక ముందే మంచె ఎక్కి గంటల తరబడి కదలకుండా మాటు వేయాలి. గాలి వాసన మోసుకుపోతుంది కాబట్టి వంటింట్లో తాలింపు వాసన పట్టిన జాకెట్‌ను ముందు రోజే బయట ఆరేయడం మంచిది. ఏ జింకను కాల్చవచ్చో, దేన్ని వదలాలో ముందే అడిగి చెప్పించుకోండి. చాలా కౌంటీలలో రెండు కొమ్ములూ చీలి ఉన్న మగజింకకు ఆ కొమ్ముల మధ్య లోపలి వెడల్పు కనీసం 13 అంగుళాలు ఉండాలన్న నియమం ఉంది, దానిమీద బృందం పెట్టుకున్న సొంత నియమాలు ఇంకా కఠినంగా ఉండవచ్చు. పక్కకు తిరిగి నిలబడి, వెనక మట్టిదిబ్బ ఉన్న జింక అయితేనే కాల్చండి. కాల్చాక అది పరుగెత్తితే వెంటపడకుండా మంచె మీదే ఉండి పిలిచినాయనకు చెప్పండి, తొందరపడి తరిమితే గాయపడ్డ జంతువు ఇంకా దూరం పోతుంది. చిక్కాక లైసెన్సులోని చీటీ రాసి వెంటనే దానికి కట్టాలి. దాన్ని కోసి శుభ్రం చేయడం ఆయన చూపించేటప్పుడు మీరు జింక కాళ్ళు పట్టుకుని సాయం చేయండి.

కాల్చబుద్ధి కాకపోతే అని అడిగారు. ఎవరినీ అవమానించినట్టు కాదు. గొట్టం దించుకుని 'ఇది నాకు సరిగా కనబడలేదు' అన్నవాణ్ణి మంచి వేటగాళ్ళెవరూ చిన్నచూపు చూడరు, నా ఎరుకలో అలాంటివారినే మళ్ళీ పిలుస్తారు. నా సలహా ఇంకొంచెం ముందుకు పోతుంది. మొదటి గంట తుపాకీ లేకుండా పిలిచినాయన పక్కన కూర్చోండి. పక్షులు ఏ వైపునుంచి వస్తున్నాయో, ఆయన ఎన్నిటిని కాల్చకుండా వదిలేస్తున్నాడో చూడండి. పొద్దెక్కాక కూడా మనసు రాకపోతే ఆ రోజంతా పడిన పక్షులను వెతికిపెట్టేవాడిగా గడపవచ్చు. అదీ నచ్చకపోతే ఇంటికి వచ్చాక, వేట నాకు సరిపడలేదు గానీ మీతో గడిపిన పూట బాగుంది అని చెప్పి నవంబరు పిలుపును వదులుకోండి. చంపడం అందరికీ ఒంటబట్టదు, పట్టనివారు నటించనక్కరలేదు.

మీ ఊరి విషయంలో ఒక్క హెచ్చరిక. టెక్సస్‌లో నేర్చినది సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు చెరువు గట్టు మీద చూపించాలని ఎవరైనా ఉబలాటపెడితే కదలకండి. కుందేలైనా కౌజైనా అక్కడ మీకది నేరమే. జింక కొమ్ములను సూట్‌కేసులో వేసుకుని హైదరాబాదు విమానాశ్రయంలో దిగే ఆలోచన కూడా మానుకోండి.

స్నేహితుడి సంగతి చివరికి వదిలాను, ఎందుకంటే జవాబు చిన్నది. తీసుకువెళ్ళకూడదు. తీసుకురావచ్చా అని అడగనూ కూడదు, అడిగితే పిలిచినాయన కాదనలేక ఇబ్బంది పడతాడు. మన ఇళ్ళలో పిలవని పేరంటానికి వచ్చినవారికి కూడా విస్తరి వేస్తాం, కానీ కౌలు పొలంలో ఎవరి చోటు వారు డబ్బు కట్టి కొనుక్కున్నది, పైగా తుపాకుల సంఖ్య పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. ఆయనకు నిజంగా ఆసక్తి ఉంటే వేరే దారి ఉంది. టెక్సస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ ఇచ్చే వార్షిక ప్రజా వేట అనుమతిపత్రం 48 డాలర్లు. ఆ శాఖ గువ్వల కోసం రైతుల దగ్గర కౌలుకు తీసుకున్న చేలు కూడా దానిలో ఉంటాయి. మీరు కొంత నేర్చాక ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్ళవచ్చు. అక్కడి పద్ధతి వేరు. ముందు వచ్చినవాడిదే చోటు. గేటు దగ్గర వాహనం ఉండి, చేను చిన్నదైతే మరో చేనుకు పోవాలి. పెద్దదైతే ముందువారికి కనిపించేలా నడిచివెళ్ళి ఎటు కూర్చోమంటారని అడగాలి. ఆలస్యంగా వచ్చి ఎగిరే పక్షులకూ ముందువారికీ మధ్య కూర్చోవడమే అక్కడ వినిపించే తగవులలో ఎక్కువ వాటికి మూలం. అక్కడే జింకలకు వెళితే ఎదురురొమ్ము మీదా వీపు మీదా నెత్తి మీదా కలిపి కనీసం 400 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజరంగు ధరించడం తప్పనిసరి. ప్రైవేటు పొలంలో ఆ నియమం లేదు గానీ, పెద్దాయన నవ్వినా మీరు మాత్రం ఆ టోపీ పెట్టుకునే వెళ్ళండి.